పిడికెడు బియ్యం, డోర్నకల్ గుమ్మటాలు

విజయవాడ నుంచి కాజీపేట వెళ్ళే రైళ్ళకు ఖమ్మం దాటాక వచ్చే పెద్ద జంక్షన్ డోర్నకల్. సింగరేణి బొగ్గు గనుల వైపు వెళ్ళే లైను ఇక్కడే ప్రధాన మార్గం నుంచి విడిపోతుంది. రైల్వే వాళ్ళకు ఈ ఊరు ఎప్పటినుంచో ముఖ్యం. మిగతా ప్రయాణికులు కిటికీలోంచి ఓ చూపు చూసి వదిలేస్తారు. దిగి ఊళ్ళోకి వెళ్ళిన వాళ్ళకు ఒక కట్టడం కనిపిస్తుంది. గుమ్మటాలు, మినార్లు చూస్తే మసీదు కాబోలు అనుకుంటారు. స్తంభాల వరుస చూస్తే గుడి మండపం గుర్తొస్తుంది. తలెత్తి చూస్తే పైన శిలువ. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కెథీడ్రల్ ఇది. డోర్నకల్ డయోసిస్‌కు, అంటే ఒక బిషప్ పాలన కింద ఉండే సంఘాల ప్రాంతానికి, తల్లి చర్చి.

తెలంగాణలో చర్చి అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది మెదక్. అందులో ఆశ్చర్యం లేదు. నూరేళ్ళు నిండిన ఆ గోపురాన్ని చూడటానికి క్రిస్మస్‌కు అన్ని మతాల వాళ్ళూ పిల్లాపాపలతో వస్తారు. డోర్నకల్‌కు ఆ రద్దీ లేదు, ఆ పేరూ రాలేదు. కానీ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలుగు నేల మీద క్రైస్తవ సంఘం అనేది ఎలా పుట్టింది, తనకంటూ ఇల్లు ఎలా కట్టుకుంది అన్న కథ పూర్తి కాదు. రెండూ నిజాం రాజ్యంలోనే, పద్నాలుగేళ్ళ తేడాతో పూర్తయ్యాయి. కూలీనాలీ చేసుకునే జనానికి దేవుడి ఇల్లు ఎలా ఉండాలి అన్న ఒకే ప్రశ్నకు ఇవి రెండు వేర్వేరు జవాబులు. నా మటుకు నాకు డోర్నకల్ చెప్పిన జవాబే లోతైనది. అయితే ఆ కథ కెథీడ్రళ్ళతో మొదలు కాలేదు, తాటాకు పాకలతో మొదలైంది.

పగలు బడి, రాత్రి ఆరాధన

1859లో కృష్ణా ప్రాంతంలోని రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య బాప్తిస్మం తీసుకున్నారు. మాల కులస్థుడు, తన వాళ్ళలో పెద్ద మనిషి. బెజవాడలో ఉన్న ఇంగ్లిష్ మిషనరీని వెతుక్కుంటూ ఆయనే వెళ్ళారు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లోనే పని మొదలుపెట్టారు. నోబుల్ తన బడిలో పై కులాల పిల్లలకు ఇంగ్లిషు చదువు చెబుతూ, వాళ్ళ ద్వారా మతం సమాజంలోకి దిగుతుందని ఆశపడ్డారు. జరిగింది వేరు. సంఘం ఊరి చివరి వాడల్లో పుట్టింది. వెంకయ్య లాంటి వాళ్ళు బంధువుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు, పెళ్ళిళ్ళకూ చావులకూ కలిసినప్పుడు ఆ మాట ఒక వాడ నుంచి మరో వాడకు పాకింది. అటు ఒంగోలు వైపు 1866లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ద్వారా అమెరికన్ బాప్టిస్టుల దగ్గరా ఇదే జరిగింది. 1876-78 నాటి కరువులో అక్కడి మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. కరువు తగ్గుముఖం పట్టాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ అంకెను అందరూ గొప్పగా చెబుతారు. మర్నాటి సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఆ రెండువేల పైచిలుకు మంది ఒక ఊరి వాళ్ళు కాదు. ఒక్కో ఊళ్ళో నాలుగైదు కుటుంబాలు, మరో ఊళ్ళో పదీ పదిహేను. వచ్చే ఆదివారం వీళ్ళంతా ఎక్కడ కూర్చోవాలి? ఏ మిషన్ దగ్గరా దానికి తగ్గ ప్లాను లేదు, డబ్బూ లేదు. ఇక జనమే దారి చూసుకున్నారు.

ముందు స్థలం కావాలి. వాడలో ఎవరికీ భూమి లేదు. ఇళ్ళ మధ్య ఉన్న కాస్త ఖాళీ జాగాలోనే, లేకపోతే ఎవరో ఒకరు తన పశువుల కొట్టం పక్కన ఇచ్చిన చోటులోనే నాలుగు గుంజలు పాతేవాళ్ళు. మట్టి గోడ, తాటాకో రెల్లుగడ్డో కప్పు, పేడతో అలికిన నేల. పగలు అది బడి. పొద్దుగూకాక అదే చర్చి. పంతులు ఒక్కడే రెండు పనులూ చేసేవాడు. పిల్లలకు అక్షరాలు దిద్దించేదీ, రాత్రి ప్రార్థన నడిపించేదీ, ఊళ్ళో ఎవరికి ఉత్తరం వచ్చినా చదివిపెట్టేదీ, పోలీసులో మునసబో పిలిస్తే వెంట వెళ్ళేదీ ఆయనే. పంతులమ్మ ఆడపిల్లలకు చదువుతో పాటు కుట్టుపనీ నేర్పేది.

ఆరాధన రాత్రిపూట ఎందుకంటే పగలంతా జనం దొర పొలంలో ఉంటారు కాబట్టి. ఆదివారమైనా ఆసామి పనికి రమ్మంటే వెళ్ళక తప్పదు. చీకటి పడ్డాక ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం వండుకు తినేసరికి ఎనిమిదో తొమ్మిదో అవుతుంది. అప్పుడు వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొట్టేవాళ్ళు. ఖంగుమని మోగే ఆ చప్పుడే గంట. లాంతరు వెలుగులో చాపల మీద కూర్చునేవాళ్ళు, ఆడవాళ్ళు ఓ పక్క, మగవాళ్ళు ఓ పక్క. చెప్పులు గడప బయటే. అక్షరం రాని వాళ్ళకు పది ఆజ్ఞలూ, పరలోక ప్రార్థనా నోటికి వచ్చేదాకా పంతులు పలికిస్తుంటే జనం తిరిగి పలికేవాళ్ళు. పాట ఎత్తితే మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేదు. పురుషోత్తమ చౌదరి వంటి కవులు మన రాగాల్లో, మన తాళాల్లో కట్టిన కీర్తనలు డప్పుకూ తాళాలకూ చక్కగా అమరేవి. యక్షగానాలూ భజనలూ విని పెరిగిన చెవులవి.

ఇవేవీ ఎవరో గీసిన ప్లానులో ఉన్నవి కావు. చాప, గడప బయట చెప్పులు, రాత్రి వేళ, భజన, బడికీ గుడికీ ఒకే కప్పు. తెలుగు క్రైస్తవ సంఘం తన అవసరాల్లోంచి తానే తయారు చేసుకున్న పద్ధతులివి. తర్వాత వచ్చిన ప్రతి కట్టడాన్నీ వీటితో కొలవాలని నా నమ్మకం.

మెదక్‌లో లేచిన గోపురం

మెదక్ కథ చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1890ల చివర్లో సికింద్రాబాద్ నుంచి గుర్రం మీద మెదక్ చేరారు. అక్కడున్న చిన్న పెంకుల ప్రార్థన మందిరం ఆయన మనసుకు ఆనలేదు. 1914లో పెద్ద చర్చికి పని మొదలైంది. ఒకవైపు ప్రపంచయుద్ధం, మరోవైపు కరువు. పని అడుక్కుంటూ వచ్చిన వాళ్ళకు రాయి మోసే పని ఇచ్చి కడుపు నింపడం ఆ నిర్మాణంలో భాగమైంది. ప్లాను ఇంగ్లండ్‌లోని బోల్టన్‌కు చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ అనే వాస్తుశిల్పుల సంస్థది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ. వెడల్పు 100 అడుగులు, పొడవు 200, గోపురం ఎత్తు 175 అడుగులు. ఒకేసారి 5,000 మంది కూర్చోవచ్చంటారు. రంగు అద్దాల కిటికీలు లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీవి. క్రీస్తు ఆరోహణాన్ని చూపే కిటికీ 1927లో, జననాన్ని చూపేది 1947లో అమర్చారు. శిలువ కిటికీ ఆ తర్వాత వచ్చింది. పగటి వెలుగు బయటినుంచి పడితేనే ఆ బొమ్మలు లోపల వెలుగుతాయి.

చార్మినార్ కంటే ఎత్తుగా కడుతున్నారని నిజాం అభ్యంతరం చెప్పాడన్న మాట గైడ్లు ఉత్సాహంగా చెబుతారు. దానికి ఆధారం కన్నా ప్రచారమే ఎక్కువ.

మెదక్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కరువులో అన్నం పెట్టిన కట్టడాన్ని ఎవరైనా ఎలా తక్కువ చేస్తారు? వాడ చివర వంగి నడవడం అలవాటైన మనిషిని తలెత్తి చూసేలా చేసిన గోపురం అది. ఊళ్ళో గుడి గడప తొక్కనివ్వని వాళ్ళకు అంత పెద్ద గుమ్మం తెరిచి, లోపలికి రండి అంది. ఆ మాట విలువ ఆ రోజుల్లో బతికిన వాళ్ళకే తెలుస్తుంది. కానీ ఒకటి నిజం. రాయి కొట్టిందీ మోసిందీ ఇక్కడి మనుషులే అయినా, ఇల్లు ఎలా ఉండాలో తేల్చింది బోల్టన్‌లోని గీత బల్ల.

తమిళనాడు నుంచి వచ్చిన అయ్యగారు

డోర్నకల్ కథకు మూలం ఒక తమిళుడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విలైలో ఒక గురువు ఇంట పుట్టారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివి, వైఎంసీఏ కార్యదర్శిగా ఊళ్ళూ దేశాలూ తిరిగారు. భారతీయ క్రైస్తవులు తెల్లవాళ్ళ డబ్బు కోసం ఎదురుచూడకుండా సొంత ఖర్చుతో సువార్త పని చేయాలన్నది ఆయన పట్టుదల. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు స్థాపించుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ వెనుక ఆయన ఉన్నారు. 1905 డిసెంబర్ 25న సేరంపూర్‌లో ఏర్పడిన నేషనల్ మిషనరీ సొసైటీకీ ఆయన పునాది వేసిన వాళ్ళలో ఒకరు. తిరునెల్వేలి సంఘం తన పొలంగా ఎంచుకున్నది నిజాం రాజ్యంలోని మానుకోట, డోర్నకల్ ప్రాంతాన్ని. ఇతరులను పంపుతూ తాను పట్నంలో ఉండటం ఆయనకు సరిపడలేదు. 1909లో గురువు అభిషేకం పొంది, భార్య అన్బు మరియమ్మాళ్‌తో సహా డోర్నకల్ వచ్చేశారు. ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు నేర్చుకున్నారు.

మరుసటి ఏడు, 1910లో, ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం సభను కుదిపేసింది. మిషనరీలు ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, మాకిప్పుడు స్నేహితులు కావాలి అన్నది దాని సారాంశం. భారతీయ గురువును తమ బల్ల దగ్గర కూర్చోబెట్టి భోజనం పెట్టని దొరలు ఆ సభలోనే ఉన్నారు. చాలామందికి కోపం వచ్చింది. అయినా మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఆయన వెనక నిలబడ్డారు. 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో అజరయ్యకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు ఆయనే. మొదట్లో ఆయన చేతికిచ్చింది చిన్న డయోసిస్. 1920 ప్రాంతంలో కృష్ణా వైపు తెలుగు సంఘాలు కూడా అందులో కలిశాయి. అరవై ఏళ్ళ కిందట పగోలు వెంకయ్య మొదలుపెట్టిన పని అలా ఒక భారతీయుడి సంరక్షణలోకి వచ్చింది. 1940ల తొలినాళ్ళకు డయోసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు.

రెండు లక్షలంటే మళ్ళీ అదే తాటాకు పాకల లెక్క, ఈసారి వందల సంఖ్యలో. అజరయ్య ఎడ్లబండి మీదా, సైకిలు మీదా ఊరూరా తిరిగేవారు. సంఘానికి శత్రువులు నాలుగని ఆయన చెప్పేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ పరలోకానికి సంబంధించింది కాదు, గమనించండి. అన్నీ రేపు పొద్దున్న లేచి ఎదుర్కోవాల్సినవే. మాలలు, మాదిగలు వేర్వేరు పాకల్లో కూర్చుంటామంటే ఒప్పుకునేవారు కాదు. ఒకే పాత్రలో ప్రభు సంస్కారం తీసుకోవాల్సిందే. ఆ పట్టుదల ఎప్పుడూ గెలిచిందని చెప్పలేం. ఆ గీత చాలా ఊళ్ళలో ఇప్పటికీ చెరిగిపోలేదు. రెండు వాడలకు రెండు చర్చిలున్న ఊళ్ళు మనకు కొత్త కాదు.

కుండ పక్కన ఇంకో కుండ

ఆయన కదిలించిన అన్నిటికంటే పెద్ద ఆర్థిక వ్యవస్థ ఒక వంటింట్లో ఉండేది. పొయ్యి మీద ఎసరు మరుగుతుంటుంది. ఇల్లాలు బియ్యం కొలిచి కడిగే ముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేస్తుంది. పూటకు ఒక పిడికెడు. వారం తిరిగేసరికి ఆ కుండ చర్చికి వెళ్తుంది. జొన్నలు తినే ఇంట జొన్నలే. వండుకునేందుకే సరిగా లేని ఇళ్ళలో సైతం ఈ పిడికెడు ఆగేది కాదు. అన్నం వండేది ఆడవాళ్ళు కాబట్టి, ఈ కానుక పూర్తిగా ఆడవాళ్ళ చేతుల్లో ఉండేది. మగవాడి జేబులోంచి వచ్చే పైసల మీద నడవని ఒక సంస్థను తెలుగు పల్లెల్లో ఆడవాళ్ళు తమ వంటింటి నుంచి నడిపారు. చరిత్రకారులు ఈ సంగతి మీద మరింత నిలవాలి.

ఈ పద్ధతిని అజరయ్య కనిపెట్టలేదు. దాన్ని ఒక నియమంగా మార్చి డయోసిస్ అంతటా పాకించారు. పేదవాడికి ఇవ్వడం నేర్పాలా, తీసుకోవడమే నేర్పాలా అన్న చర్చలో ఆయన పక్షం స్పష్టం. ఇచ్చినవాడికే హక్కు వస్తుంది, గౌరవం వస్తుంది. పంతులు జీతంలో తమ బియ్యం ఉన్నప్పుడు పంతులు తమ మనిషి అవుతాడు. క్రైస్తవుడు ఎందుకు ఇవ్వాలో వివరిస్తూ ఆయన ఒక పుస్తకమే రాశారు.

ఏడాదికోసారి ఈ ఇవ్వడం పండుగ అవుతుంది. కోతలయ్యాక కోత పండుగ. వడ్ల కంకులతో, చెరకు గడలతో, అరటి గెలలతో చర్చి గుమ్మం కడతారు. ఎవరికి పండింది వాళ్ళు తెస్తారు. బస్తా వడ్లు తెచ్చేవాళ్ళుంటారు, కొంగున కట్టుకుని నాలుగు గుడ్లు తెచ్చే ముసలమ్మా ఉంటుంది. ఆరాధన అయ్యాక వేలం మొదలవుతుంది. గొంతు బాగా లేచే కమిటీ మెంబరు ఒకాయన గుమ్మడికాయ పైకెత్తి పాట పాడతాడు. కాళ్ళు కట్టేసిన కోడిపుంజు బల్ల కింద కొట్టుకుంటూ ఉంటుంది. బజారులో నలభై రూపాయలు చేసే గుమ్మడికాయ అయిదు వందలకు పోతుంది. పాడుకున్న మనిషి దాన్ని ఇంటికి తీసుకెళ్ళడు. మళ్ళీ బల్ల మీద పెట్టి, ఇంకోసారి పాడమంటాడు. ఒక్క కాయ మూడు నాలుగుసార్లు అమ్ముడవుతుంది. పట్నంలో ఉద్యోగాలు చేసుకునే వాళ్ళు ఈ వేలం కోసం సెలవు పెట్టుకుని సొంతూరు వస్తారు. ఇప్పటికీ చాలా పాస్టరేట్లలో ఏడాది ఖర్చులకు ఈ రోజే ఆధారం.

ఇల్లు మన పద్ధతిలో

ఇలాంటి సంఘానికి కెథీడ్రల్ కట్టాలంటే ఎలా కట్టాలి? అజరయ్య ముందున్న ప్రశ్న ఇది. తేలికైన దారి ఒకటి ఉంది. అప్పటికి హైదరాబాద్, సికింద్రాబాద్, మద్రాసుల్లో ఉన్న ఆంగ్లికన్ చర్చిలు చాలావరకు ఇంగ్లండ్ నమూనాలే. సూది మొనల కమానులు, ఆకాశంలోకి లేచే శిఖరం. ఆ ప్లానుల్లో ఏదో ఒకటి తీసుకుంటే పని త్వరగా అయిపోయేది, విదేశాల్లో చందాలిచ్చే వాళ్ళకూ చూడగానే చర్చి అని తెలిసేది. అజరయ్య అటు వెళ్ళలేదు. గుడికీ మసీదుకీ ఈ నేల మీద వందల ఏళ్ళుగా ఉన్న కట్టుబడి తెలివినే చర్చికి వాడాలని నిశ్చయించారు. దక్కన్ మసీదుల గుమ్మటాలు, మినార్లు. దక్షిణాది గుళ్ళ మండపాల్లోలా స్తంభాల వరుసలు. శిల్పాల్లో తామరపువ్వు, దాంతో శిలువ.

పని ఏళ్ళ తరబడి ఆగుతూ సాగుతూ వచ్చింది. డబ్బు లేక ఆగేది, పల్లెల్లో బడులకూ పంతుళ్ళకూ ముందు ఇవ్వాలి కాబట్టి ఆగేది. ఈ వరసలోనే ఆయన మనసు కనిపిస్తుంది. చివరికి 1938 డిసెంబర్‌లో మద్రాసు దగ్గర తాంబరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగి ముగిసిన ఎనిమిదో రోజున, 1939 జనవరి 6న, కెథీడ్రల్‌ను ప్రతిష్ఠించారు. ఆ తేదీ ఊరికే పెట్టింది కాదు. ఎపిఫనీ అంటే తూర్పు దేశపు జ్ఞానులు చుక్కను చూసుకుంటూ బేత్లెహేము చేరిన రోజు. బిడ్డ యేసును మొదట పూజించిన పరాయి దేశస్థులు తూర్పు వాళ్ళేనని చెప్పే పండుగ. తూర్పు నేల మీద తూర్పు పద్ధతిలో లేచిన చర్చికి ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

అప్పట్లో లోపల నడిచిన ఆరాధన మాత్రం ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకానిదే, తెలుగులో. ఇది చూసి కొందరు అజరయ్యను సగం దారిలో ఆగిపోయిన మనిషి అంటారు. నేను ఒప్పుకోను. ఆయన సంఘంలో ఎక్కువమంది చదువు రాని వాళ్ళు. వారం వారం అదే ప్రార్థన, అదే ఒప్పుకోలు నోటికి రావడం వాళ్ళకు పుస్తకం లేని లోటు తీర్చింది. దాని పక్కనే భజనా ఉంది, కీర్తనా ఉంది. పాకలో మొదలైన అలవాట్లను ఆయన తీసిపారేయలేదు, వాటికి చోటు ఇచ్చే పెద్ద కప్పు వేశారు. గాంధీజీతో మతమార్పిడి విషయంలో 1930ల్లో ఆయనకు గట్టి భేదాభిప్రాయం వచ్చినప్పుడు, క్రైస్తవుడైతే దేశానికి పరాయివాడు అవుతాడన్న మాటను ఆయన నోటితో ఖండించారు. ఆ ఖండన గుమ్మటాలుగా డోర్నకల్‌లో నిలబడి ఉంది.

ఇంకో కల పూర్తవడం ఆయన చూడలేదు. ఆంగ్లికన్, మెథడిస్టు వంటి పేర్లు మనవి కావు, వాటి తగాదాలు మనం మోయనక్కర్లేదని 1919 తరంగంబాడి సమావేశం నుంచీ ఆయన పోరాడారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అందులో మెథడిస్టుల మెదక్, ఆంగ్లికన్ల డోర్నకల్ ఒకే కుటుంబంలో చేరాయి. బోల్టన్ గోపురం, దక్కనీ గుమ్మటాలు ఇప్పుడు అన్నదమ్ములు.

స్లాబు పడే రోజు

ఇప్పుడు పల్లెల్లో జరుగుతున్న దాన్ని చూద్దాం. తాటాకు పాకలు ఎప్పుడో పోయాయి. వాటి చోట వచ్చిన పెంకుటిళ్ళూ, సున్నపు గోడల చర్చిలూ కూడా ఇప్పుడు కూలిపోతున్నాయి. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఏ మండలానికి వెళ్ళినా సెంట్రింగ్ కర్రల మధ్య ఒక చర్చి కనిపిస్తుంది. బిల్డింగ్ కమిటీ, రసీదు పుస్తకం, గల్ఫ్‌లోనూ అమెరికాలోనూ ఉన్న ఊరి పిల్లలకు వాట్సాప్‌లో కబురు, నాపరాయి మీద దాతల పేర్లు. మనవాళ్ళు ఎక్కడున్నా సొంతూరి చర్చికి డబ్బు పంపిస్తున్నారంటే పిడికెడు బియ్యం ఇంకో రూపంలో బతికే ఉందన్నమాట.

స్లాబు వేసే రోజు చూడాలి. తెల్లవారకముందే అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తారు. మిల్లరు తిరగడం మొదలయ్యాక స్త్రీల మైత్రి వాళ్ళు వరుసగా నిలబడి తట్టలు అందిస్తారు. కూలీల కొరత కాదు, ఈ పని తమ చేతుల మీదుగా జరగాలన్న కోరిక. మధ్యాహ్నానికి షామియానా కింద భోజనాలు. ఊళ్ళో అన్ని కులాల వాళ్ళూ వచ్చి చూసి వెళ్తారు, కొందరు సిమెంటు బస్తాలు రాయించి వెళ్తారు.

ఇంత ప్రేమతో కడుతున్న వాటికి ప్లాను మాత్రం ఎక్కడినుంచో వస్తోంది. ఫోన్లో దొరికిన ఏదో విదేశీ చర్చి బొమ్మ మేస్త్రీకి చూపించి ఇలా కట్టమంటున్నారు. ముందు రెండు పెద్ద గోపురాలు, మధ్యలో అద్దాలు, లోపల తక్కువ ఎత్తు స్లాబు. ఏప్రిల్, మే నెలల్లో ఆ స్లాబు కింద రెండు గంటలు కూర్చోవడం శిక్ష. ఫ్యాన్ల చప్పుడులో వాక్యం వినిపించదని స్పీకర్లు పెంచుతారు. వరండా ఉండదు. ఆలస్యంగా వచ్చిన తల్లి ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఎక్కడ నిలబడాలి? చెప్పులు ఎక్కడ విడవాలి? కోత పండుగ వేలానికి నీడ ఎక్కడ? చాప మీద కూర్చునే వాళ్ళు ఇంకా సగం మంది ఉంటే, కిటికీ అంచు నాలుగున్నర అడుగుల ఎత్తులో పెడితే గాలి ఎవరికి తగులుతుంది? డోర్నకల్‌లో అడిగిన ప్రశ్నలు ఇలాంటివే. ఈ నేలకు ఎండ ఎంత, జనం కూర్చునే తీరేమిటి, మా చేతివృత్తుల వాళ్ళకు ఏం తెలుసు అన్నవి. ఇంజనీరు దగ్గరికి వెళ్ళే ముందు కమిటీ ఒక్క ఆదివారం పాత చర్చిలో మూల కూర్చుని, ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో చూసి రాసుకుంటే సగం ప్లాను తయారైనట్టే.

పాతదాన్ని కూల్చే ముందు చేయాల్సిన పని మరొకటి ఉంది. ఆ చర్చిలో ఒక పెట్టె, అందులో చెదలు పట్టిన బాప్తిస్మ రిజిస్టర్లు ఉంటాయి. గళ్ళు గీసిన పేజీలు: వరుస సంఖ్య, తేదీ, పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, వృత్తి, బాప్తిస్మం ఇచ్చినవారి సంతకం. కరణం లెక్కల్లో భూమి ఉన్నవాడి పేరే ఉంటుంది. భూమి లేని కుటుంబాలకు, ముత్తాత పేరూ ముత్తవ్వ పేరూ పక్కపక్కన సిరాతో రాసి ఉన్న కాగితం చాలాసార్లు ఇదొక్కటే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవులైన దళితులు షెడ్యూల్డ్ కులాల జాబితా బయట పడ్డాక, ఈ రిజిస్టర్లను బయటికి తీయడానికి భయపడిన కుటుంబాలూ ఉన్నాయి. అది అర్థం చేసుకోవాల్సిన భయమే. అందుకే వాటిని ఎవరికి పడితే వాళ్ళకు చూపించకుండా, పాస్టరేట్ కమిటీ తన బాధ్యతగా స్కాన్ చేయించి డయోసిస్ ఆఫీసులో భద్రపరచాలి. పాత చర్చి గోడల కొలతలు తీసుకోవాలి, గుమ్మం మీది తేదీ రాయిని పగలగొట్టకుండా తీసి కొత్త గోడలో అమర్చాలి, నాలుగు వైపులా ఫొటోలు తీయాలి. ఊళ్ళో డిగ్రీ చదివే పిల్లలు ఇద్దరు ఒక శనివారం కూర్చుంటే అయ్యే పని ఇది. జేసీబీ ఆదివారం ఆరాధన అయిన మర్నాడే వస్తోంది కాబట్టి, ఆ శనివారం ముందే రావాలి.